పచ్చికట్టె మత్తయి

భీమడోలులో బస్సు ఆగేచోట నిలబడి “పచ్చికట్టే!” అని కేకేస్తే ఒక మనిషి తల తిప్పి చూస్తాడు. అసలు పేరు మత్తయి. తల్లిదండ్రులు బైబిలు చూసి పెట్టిన పేరు, పాదిరిగారు నెత్తిన నీళ్లు చల్లి ఖాయం చేసిన పేరు. అయినా ఊరు పెట్టిన పేరు ముందు అది నిలవలేదు. ఆ పేరు పెట్టినవాళ్ల నోళ్లు పడిపోను అని చాలాసార్లు తిట్టుకున్నాను. ఎన్నాళ్లని తిట్టుకుంటాం? ఇప్పుడు వింటే ఒళ్లు మండదు, ప్రాణం ఉసూరుమంటుంది, అంతే.

నేను వరదానాన్ని. ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య నాగేశ్వరరావు గారి బస్సు నడుపుతాను. మత్తయికీ నాకూ చుట్టరికం లేదు. ఒకే చర్చిలో మోకరించేవాళ్లం కాబట్టి ఆయన నాకు బాబాయి, ఆయన భార్య సారమ్మ పిన్ని. ఆయన సంగతి చెప్పేవాళ్లంతా పచ్చికట్టె దగ్గర మొదలుపెట్టి పచ్చికట్టె దగ్గరే ఆపేస్తారు. నాకు ఇంకాస్త తెలుసు కనుక కాస్త వెనకనుంచి చెబుతాను.

బాబాయి బొగ్గులు కాల్చేవాడు. భీమడోలు నుంచి కొల్లేరు వైపు దిగుతుంటే కాలవగట్టు కింద ఒక పేట ఉంది. అక్కడ ఆయన తండ్రి కాల్చాడు, ఆయనా కాల్చాడు. గట్టు మీది నల్లతుమ్మ మొద్దులు కొని, బాగా ఎండనిచ్చి, గుండ్రంగా పేర్చి, పైన కొల్లేటి కిక్కస గడ్డి కప్పి, దాని మీద మట్టి మెత్తి నిప్పు పెడతారు. ఆ తరవాత పనల్లా పొగను చూస్తూ కూర్చోవడమే. ఎక్కడైనా మట్టి పగిలి లోపలికి గాలి దూరిందంటే బొగ్గులు ఉండవు, బూడిదే. బాబాయి సగం జీవితం అలా పొగను చూస్తూనే గడిచిపోయింది. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. మాట తక్కువ. ఏదైనా అడిగితే ముందు దగ్గేవాడు, చాలామంది ఆ దగ్గునే జవాబు కింద తీసుకుని వెళ్లిపోయేవారు.

ఆయనకు ఒక్క పట్టుదల ఉండేది. పచ్చికట్టె బట్టీలో పెట్టడు. పచ్చికట్టె పెడితే బొగ్గు సరిగా కాలదు, బరువు తూగుతుంది, అమ్మేవాడికి లాభం. కొన్నవాడి కుంపట్లో మాత్రం పొగ చిమ్మి కళ్లు పోగొడుతుంది. అందరూ కాస్తో కూస్తో కలిపేవాళ్లే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈయన మాత్రం కలిపేవాడు కాదు. ఏలూరు హోటళ్లవాళ్లు, కమ్మరులు “మత్తయి బొగ్గా? అయితే దింపు” అని బస్తా మూతి విప్పకుండా తీసుకునేవారు. ఆయనకు ఆస్తి అంటూ ఉంటే ఆ మాటే.

సారమ్మ పిన్నికి శుభ్రం పిచ్చి. బొగ్గులవాడి పెళ్లానికి శుభ్రం పిచ్చి ఉండటమంటే చేపలవాళ్ల ఇంట్లో పిల్లి ఉపవాసాలుండటమే. బాబాయి వాకిట్లో మెడ దాకా తోముకుని గాని గడప దాటకూడదు. పొయ్యిలో పెట్టే పుల్లను కూడా తుడిచి పెడుతుందని పేటలో ఆడవాళ్లు నవ్వుకునేవారు. కోత పండుగకు చర్చికి ప్రథమ ఫలం పట్టుకెళతాం గదా, అందరూ గుమ్మడికాయలూ కోడిగుడ్లూ కడిగి తీసుకొస్తే, ఆవిడ చేటెడు వడ్లను కూడా కడిగి ఆరబెట్టి తెచ్చేది. దేవుడికిచ్చే మొదటి ఫలానికి మట్టి అంటుకుని ఉండకూడదని వాళ్ల అమ్మ నేర్పిందట.

ఇంత శుభ్రం చేసుకున్న ఇల్లూ ఏటా వానాకాలంలో నీళ్లలో ఉండేది. కొల్లేరు పొంగితే ముందు మునిగేది ఆ పేటే. మోకాటి లోతున బురదనీళ్లు ఇంట్లోకి వచ్చి కూర్చునేవి. పొయ్యి కరిగిపోయేది. మొగుడూ పెళ్లాం అటకమీద కుండల మధ్య ముడుచుకుని రోజులు గడిపేవారు. నీళ్లు తీశాక నేల ఎండేసరికి మళ్లీ పండుగలొచ్చేవి. పేటకు కాస్త ఎగువన పెద్దదిబ్బ అని ఒకటుంది. ఎంత వరద వచ్చినా అది మునగదు. సర్కారు పోరంబోకు, ముళ్లకంపలు తప్ప ఏమీ లేవు, అయినా ఎవరినీ గుడిసె వేసుకోనిచ్చేవారు కాదు. పిన్ని అటకమీదనుంచి ఆ దిబ్బ వంకే చూస్తూ, “ఒక్క వానాకాలం పొడినేల మీద పడుకుంటే చాలురా వరదానం, ఆ తరవాత దేవుడు పిలిచినా వెళ్లిపోతాను” అనేది.

పందొమ్మిదివందల ముప్పై ఎనిమిది మొదట్లో గ్యాసు బస్సుల గొడవ మొదలైంది. పెట్రోలు ఎక్కడో దూరదేశం నుంచి రావాలి, ఆ డబ్బంతా అక్కడికే పోతోంది, మన కట్టెబొగ్గుతో గ్యాసు పుట్టించి బస్సులు నడిపితే బాగుంటుందని సర్కారువారికి తోచింది. తోచిందే చాలని ఊరుకోలేదు, రాయితీలు పెట్టారు. గ్యాసుతో నడిచే బస్సుకు పన్ను సగమే. ఆ మాట వినగానే నాగేశ్వరరావు గారు మా బస్సు వెనకాల పెద్ద ఇనప పీపా, దానికో పొయ్యి, గొట్టాలూ బిగించేశారు. రాయితీ ఆయనది, మసి నాది. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసి, గాలి చక్రం తిప్పి తిప్పి భుజాలు పడిపోయాక గాని ఇంజన్ కదిలేది కాదు. మధ్యాహ్నానికి ఆ గ్యాసు పీల్చి తల దిమ్మెక్కేది. ప్రయాణికులు “ఏవండీ, బస్సు కదులుతుందాండీ, మేం నడిచి వెళ్లమా అండీ” అని ఎంతో మర్యాదగా అడిగేవారు. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండేది.

బస్సులకు బొగ్గు కావాలి గదా. ఆ బొగ్గు కాల్చేవాళ్లకూ రాయితీలిచ్చారు. బట్టీ ఇనుముతో చేసినది సర్కారువారే ఇస్తారు, అద్దె అక్కర్లేదు. కాలవగట్టు తుమ్మలు చవకగా కొట్టుకోనిస్తారు. అన్నిటికన్నా పెద్దది మూడోది. బట్టీ పెట్టుకోవడానికి పోరంబోకు స్థలం ఇస్తారు, బొగ్గు సరఫరా చేసినన్నాళ్లూ ఆ స్థలంలో ఇల్లు కూడా వేసుకోవచ్చు. మా వైపు ఇవ్వబోయే స్థలం పెద్దదిబ్బే.

ఈ కబురు నేనే పేటకు మోసుకెళ్లాను. బాబాయి దగ్గి ఊరుకున్నాడు. పిన్ని మాత్రం చేతిలో చేట కింద పెట్టి, దిబ్బ వైపు తిరిగి, చేతులు జోడించి అక్కడే నిలబడిపోయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈసారి పూజారి కూడా మంచివాడే దొరికాడు. మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరు గారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఏలూరులో బొగ్గులమ్మేవాళ్లనందరినీ విచారించి, ఎవర్ని అడిగినా మత్తయి పేరే చెబుతున్నారని బాబాయికి మొదటి అవకాశం ఇచ్చాడు. షరతు ఒకటే. ఆ బొగ్గు బస్సులో పోసుకుని భీమడోలులో బయల్దేరితే, పెట్రోలు చుక్క వాడకుండా తాడేపల్లిగూడెం చేరాలి. చేరితే దిబ్బ మత్తయిది.

బాబాయి ఇనప బట్టీలో మొదటిసారి కాల్చాడు. అలవాటు లేని బట్టీ, దాని పొగ తీరు వేరు. పట్టిపట్టి చూసుకుంటూ, తిండి కూడా అక్కడికే తెప్పించుకుని, మొత్తానికి కణకణలాడే బొగ్గు తీశాడు. ఒకదానికొకటి తగిలితే కంచు మోగినట్టు మోగింది. చల్లారాక వాకిట్లో రాశిపోసి, రేపు పరీక్షకు సిద్ధమని నాగేశ్వరరావు గారికి చెప్పడానికి ఏలూరు రైలెక్కాడు.

ఆయన అటు వెళ్లగానే పిన్ని ఆ రాశిని చూసింది. ఇది కొత్త బట్టీలో మొదటి బొగ్గు. ప్రథమ ఫలం. దీంతో దేవుడు దిబ్బ ఇవ్వబోతున్నాడు. పైగా తెల్లబట్టల ఆఫీసరు గారు చేత్తో పట్టుకుని చూస్తారు. బొగ్గుల నిండా మసి, బూడిద. పేటవాళ్లంతా చేలల్లోకి పోయారు, రేవులో ఎవరూ లేరు. ఆవిడ బొగ్గులన్నీ బుట్టలకెత్తి కాలవలో ముంచి, బియ్యం కడిగినట్టు కడిగింది. తాటాకు చాపల మీద ఎండలో ఆరబోసింది. మాఘమాసం దాటిన ఎండ గదా, సాయంత్రానికి పైన నిగనిగలాడుతూ ఆరిపోయాయి. అవే చేతులతో బస్తాలకెత్తి మూతులు కుట్టేసింది. బాబాయి వచ్చేసరికి అన్నీ సర్ది ఉన్నాయి.

బొగ్గు నీళ్లు తాగుతుందనీ, పైన ఆరినా కడుపులో దాచుకుంటుందనీ, ఆ తడి పొయ్యిలో ఆవిరై గ్యాసును చంపేస్తుందనీ ఆవిడకు ఎవరు చెప్పారు? బాబాయికీ చెప్పాలని తోచలేదు. పాలతో కడిగినా బొగ్గు తెల్లబడదని లోకమంతా అంటుంది గాని, నిజంగా బొగ్గులు పట్టుకెళ్లి కడిగే మనిషి ఉంటుందని ఎవరనుకుంటారు?

మర్నాడు పొద్దున్న భీమడోలులో పండుగలా ఉంది. ఆఫీసరు గారు వచ్చారు, నాగేశ్వరరావు గారు జరీ కండువాతో వచ్చారు. బాబాయినీ పిన్నినీ ఆయనే బస్సెక్కమన్నారు. పిన్ని చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని ఆడవాళ్ల బల్లమీద ముందు కూర్చుంది. మోటారెక్కడం ఆవిడకు అదే మొదలు. ఆఫీసరు గారు బస్తా విప్పించి ఒక బొగ్గు తీసుకున్నారు, తిప్పి చూశారు, మళ్లీ తన అరచెయ్యి చూసుకున్నారు.

“ఏమయ్యా మత్తయీ, చేతికి నలుపే అంటలేదే! ఇంత శుభ్రమైన బొగ్గు నేనెక్కడా చూడలేదు” అన్నారు.

బాబాయి ఏమీ అర్థం కాక “చిత్తమండి” అన్నాడు. పిన్ని ముఖం వెలిగిపోయింది.

పొయ్యి అడుగున రాజేసిన పాత బొగ్గు కొంత ఉంది కనుక మొదట్లో బస్సు బాగానే నడిచింది. ఆఫీసరు గారు పెట్రోలు గొట్టానికి సీలు వేసి నా పక్కనే కూర్చున్నారు. పూళ్ల దాటేసరికి కొత్త బొగ్గు పొయ్యిలోకి దిగింది. ఇంజన్ దగ్గింది. నేను గాలి సరిచేశాను. మళ్లీ దగ్గింది. కైకరం చేరేసరికి పూర్తిగా ఊపిరి వదిలేసింది. చక్రం తిప్పాం, మగవాళ్లంతా దిగి తోశారు, ఊహూ. జనం కాలవగట్టు మీద గుమిగూడారు.

నేను వెనక్కి వెళ్లి గ్యాసును వడపోసే డబ్బా కింది మర విప్పాను. నల్లటి నీళ్లు ధారగా కారాయి. పీపా మూత తీస్తే ఆవిరి ముఖాన కొట్టింది. పై వరసలో ఒక బొగ్గు తీసి విరిచాను. లోపల చెమ్మ. దాని పగుల్లో పచ్చగా ఒక పోగు ఇరుక్కుని ఉంది. కాలవ నాచు. నేను దాన్ని గోటితో లాగుతుంటే పక్కన నిలబడ్డ బాబాయి చూశాడు. ఆ తరవాత రోడ్డు వంక చూశాడు. పిన్ని రోడ్డు పక్కన నిలబడి, పైటకొంగు నోటికడ్డం పెట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. అంతా ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. నా చేతిలో నాచు తీసుకుని పంచె అంచుకు తుడిచేశాడు.

“ఏమిటి కారణం?” అంటూ ఆఫీసరు గారు వచ్చారు. వెనకే జనం, వాళ్లలో పిన్ని.

నేను నోరు తెరిచేలోగా బాబాయి, “పచ్చికట్టె అండి. నాదే తప్పండి. తొందరపడి పచ్చి మొద్దులు పేర్చేశానండి” అన్నాడు. దగ్గకుండా ఆయన చెప్పిన మాట నేను వినడం అదే మొదటిసారి.

ఆఫీసరు గారి ముఖం వాడిపోయింది. “పచ్చికట్టా? నేనింకా దారిలో ఎక్కడో తడిసిందేమో అనుకున్నానయ్యా. తడిస్తే ఏముంది, ఎండబెట్టుకో, వచ్చేవారం మళ్లీ చూద్దాం అందామనుకున్నాను. పచ్చికట్టె పెట్టావంటే అది బొగ్గు తప్పు కాదు, మనిషి తప్పు. నిన్ను నమ్మి ఆ స్థలం ఇవ్వమని నేనెలా రాయను?”

బాబాయి నోరు తెరిచాడు. అసలు సంగతి పెదవుల దాకా వచ్చింది, నేను చూశాను. పిన్ని నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది. చుట్టూ బస్సెడు జనం. ఆయన నోరు మూసుకున్నాడు. నేను ముందుకు కదలబోతే నా మణికట్టు పట్టుకుని నొక్కాడు.

“తప్పేనండి” అన్నాడు.

జనంలోంచి ఎవడో “పచ్చికట్టె మత్తయి!” అన్నాడు. అందరూ నవ్వారు. పేరు పెట్టడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టదు. పిన్ని నవ్వలేదు. మొగుడి వంక చూసి, అందరూ వింటుండగానే, “ఇన్నేళ్లు పెట్టనివాడివి ఈ ఒక్కసారి ఎందుకు పెట్టావయ్యా? నా పొడినేల పోగొట్టావు గదయ్యా” అని ఏడ్చింది.

పెట్రోలు పోసుకుని జనాన్ని గూడెం చేర్చాక, తిరుగు దారిలో బాబాయిని గట్టు మీద కూర్చోబెట్టి గట్టిగానే అడిగాను. “ఎందుకండీ అబద్ధమాడారు? మళ్లీ పరీక్ష పెట్టేవారు గదండీ!”

“ఆ సంగతి ముందు తెలవలేదు గదరా” అన్నాడు. కాసేపు దగ్గి, “దాని సంగతి నీకు తెలవదు. రేపట్నించి బొగ్గులు కడిగిన సారమ్మా అంటారు. రేవుకెళితే అంటారు, చర్చికెళితే అంటారు, చచ్చి పెట్టెలో పెట్టినా అంటారు. అసలే పుల్లలు తుడుస్తాదని నవ్వుతారు. అది తట్టుకోలేదురా. నాకైతే చెవులు మందం. నువ్వెవరికీ చెప్పకు” అన్నాడు. చెప్పనన్నాను.

దిబ్బ బాపిరాజు గారికి వెళ్లింది. ఆయన మోతుబరి, చెడ్డవారు కారు. బట్టీ పని తనకు తెలియదు గనక అది తెలిసిన మనిషికోసం వెతికి చివరికి మత్తయి బాబాయినే కూలికి పెట్టుకున్నారు. ఏలూరు హోటళ్లవాళ్లు ఆయన బస్తాలు విప్పి చూడటం మొదలుపెట్టాక సొంత బట్టీ ఎలాగూ ఆరిపోయింది. తనది కావలసిన దిబ్బ మీద, తనది కాని బట్టీ ముందు కూర్చుని ఆయన మళ్లీ పొగ చూడసాగాడు. ఆ బొగ్గుతో మా బస్సు గూడెం దాకా చక్కగా వెళ్లేది. నాకు దాన్ని నడపబుద్ధయ్యేది కాదు, అయినా నడిపేవాణ్ణి.

ఆ వానాకాలం కొల్లేరు మామూలుగానే పొంగింది. అటకమీద పిన్ని తిట్లు గట్టు మీదికి వినిపించేవి. “పచ్చికట్టె పెట్టావు, ఈ గతి పట్టించావు. దిబ్బమీద కూలికెళతావు, పొద్దుగూకితే నీళ్లలోకొస్తావు, సిగ్గులేదూ?” బాబాయి దగ్గేవాడు. నీళ్లలో కాళ్లు నాని పుండ్లు పడ్డాయి, దగ్గు ఎక్కువైంది. మరుసటి ఏడూ అదే వరద, అవే తిట్లు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

మొన్న కార్తీకం వెళ్లాక, పిన్ని తేగల బుట్ట పెట్టుకుని బస్సుల దగ్గర అమ్ముతోంది. ముందురోజు అకాలపు వాన కురిసి దిబ్బమీది బస్తాలు కొన్ని తడిశాయి. క్లీనరు వాటిని బస్సుకెత్తుతుంటే నాగేశ్వరరావు గారు కేకలేశారు. “దింపరా, దింపు! బొగ్గు తడిస్తే ఇంజన్ చచ్చి ఊరుకుంటుంది. పైన ఆరితే సరా? లోపలి చెమ్మ వారానికి గాని పోదు!”

పిన్ని చేతిలో తేగలు అలాగే ఉన్నాయి. కాసేపటికి నా దగ్గరికి వచ్చింది.

“వరదానం, పైన ఆరినా బస్సు ఆగిపోతాదా?”

“ఆగిపోతుంది పిన్నీ.”

“కడిగి, ఒకపూట ఎండబెట్టినా?”

నేను తల వంచుకుని చేతుల మసి తుడుచుకోసాగాను. ఆవిడకు అది చాలింది. ఆ రోజు కడిగిన సంగతంతా అప్పుడు, అక్కడే నిలబడి, ఎవరికో జరిగినట్టు మెల్లగా చెప్పింది. “మీ బాబాయికి తెలుసా?” అని అడిగింది. తెలుసన్నాను. బుట్ట అక్కడే వదిలేసి పేటవైపు వెళ్లిపోయింది. ఆ తరవాత పేటలో ఆవిడ తిట్లు ఎవరికీ వినపడలేదు. బాబాయి నా దగ్గరికి వచ్చి, “మీ పిన్నికి ఒంట్లో బాగాలేదేమోరా, నన్నేమీ అనటం లేదు” అన్నాడు.

కోత పండుగ వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో అర్పణల వేలంపాట. సంఘపెద్ద ఎజ్రా గారు గుమ్మడికాయలు, కోళ్లు అయ్యాక ఎవరో తెచ్చిన కట్టెలమోపు పైకెత్తి, “చూసి పాడుకోండర్రా, ఇందులో పచ్చికట్టె ఉందేమో, మన మత్తయిని అడగండి!” అన్నారు. పోయిన ఏడూ వేసిన హాస్యమే. అందరూ నవ్వారు. బాబాయి కూడా అలవాటుకొద్దీ నవ్వాడు.

పిన్ని లేచి నిలబడింది.

“ఎజ్రా గారూ, అవి ఎండుకట్టెలేనండి. ఆ బొగ్గులు నేను కడిగానండి. ప్రథమ ఫలమని కాలవలో ముంచి నేనే కడిగాను. నన్నెవరూ ఏమీ అనకూడదని ఈయన అబద్ధమాడాడు. పచ్చికట్టె ఆయన జన్మలో పెట్టలేదండి.”

ఎజ్రా గారు మోపు కింద పెట్టేశారు. తరవాత ఎవరో ఆడమనిషి, “బొగ్గులు కడగటమేంటి సారమ్మా!” అంది. అంతే, నవ్వు మొదలైంది. “మొగుడంటే ఎంత ప్రేమో!” అన్నారు. “ఎంత వెనకేసుకొస్తే మాత్రం కాస్త నమ్మేటట్టు చెప్పొద్దూ?” అన్నారు. నేను లేచి, “నిజమేనండి, నాచు నేను కళ్లారా చూశాను” అని అరిచాను. “నువ్వు వాళ్ల మనిషివే గదయ్యా” అన్నారు ఎజ్రా గారు. పాదిరిగారు దగ్గరికి వచ్చి, “భర్తను కాపాడుకోవడం మంచిదే తల్లీ, కాని దేవుని వాకిట్లో లేనిది చెప్పకూడదు” అని మెత్తగా మందలించారు. కట్టెలమోపు ఎవరో పాడుకున్నారు. పాట మేకపిల్ల మీదికి వెళ్లింది.

ముగ్గురం గట్టు మీద పేటవైపు నడిచాం. పొద్దు వాలుతోంది, దిబ్బమీద బాపిరాజు గారి బట్టీ పొగ తెల్లగా లేస్తోంది. బాబాయి అలవాటుకొద్దీ ఆ పొగ వంక ఒకసారి చూశాడు.

“ఎందుకు చెప్పావే? ఇన్నాళ్లూ మోశాను గదా, ఇంకో నాలుగేళ్లు మొయ్యలేనా?” అన్నాడు.

“ఇప్పుడు నమ్మలేదు. ఆ రోజు కైకరంలో చెబితే నమ్మేవాళ్లు” అంది పిన్ని.

“నమ్మేవాళ్లు. నమ్మి నిన్ను చూసి నవ్వేవాళ్లు.”

పిన్ని ఆగింది. ఆవిడ గొంతులో కోపం లేదు. రెండు వానాకాలాల తిట్లలో ఎప్పుడూ వినపడని అలసట ఉంది.

“నవ్వితే నవ్వేవాళ్లయ్యా. పొడినేల మీద కూర్చుని వినేదాన్ని. నన్నొక మాట అడగకపోయావా?”

బాబాయి దగ్గాడు. పిన్ని ఆయన చేతిలోని ఖాళీ చేట తను తీసుకుని ముందు నడిచింది. ఆయన వెనకాల దిగాడు. వానాకాలపు తేమ ఆ ఏడు కూడా ఇంకా ఆరలేదు, వాళ్ల గుమ్మం ముందు నేల నా కాళ్ల కింద మెత్తగానే ఉంది.